రహీము సాహెబు: ఓటమి తరువాతి గురువు

గెలిచిన జట్టునకు బంధువులు కోకొల్లలు. ఓడిన జట్టునకు మిగులు బంధువు శిక్షకుడొక్కడే. కాలిబంతి యాట ప్రబలిన దేశములన్నిటియందును ఈ ధర్మమే నడచుచున్నది. పదునొకండుగురు ఆడుదురు; పరాజయభారమును మాత్రము మైదానము వెలుపల నిలిచిన పండ్రెండవవాడు మోయవలెను. వరుసగా నాలుగు పందెములు పోయినచో సంఘమువారు సమావేశమగుదురు. ప్రేక్షకులు కేకలు వేయుదురు. మఱునాటికి శిక్షకుని కుర్చీ ఖాళీ యగును. ఇట్టి ఉద్వాసన ఎప్పుడు న్యాయము, ఎప్పుడు తొందరపాటు అను ప్రశ్నను విచారించుటకు మన గడ్డమీదనే ఒక మహనీయుని జీవితము నిదర్శనముగా నున్నది. ఆయన హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1963లో గతించిన యీ ఉపాధ్యాయుని మన జనులు చాలకాలము మఱచియుండిరి. 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట గాని ఆయన పేరు మన యువకులలో పెక్కండ్ర చెవిని బడలేదు. చలనచిత్రమునందలి కథ వేఱు, చరిత్ర వేఱు. కావున ఆ చరిత్రను పాఠకుల యెదుట నుంచుట మా విధిగా భావించుచున్నాము.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పొంది ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించెను. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేసెను. వ్యాయామవిద్యలో డిప్లొమా గడించి బాలురచే ఆటలాడించు పనిని చేపట్టెను. స్వయముగా మంచి యాటగాడు. నగరములోని కమర్ క్లబ్బు పక్షమున ఆడెను. కాని ఆయన కీర్తికి మూలము కాలిసత్తువ కాదు, బోధనాశక్తి. పాఠశాలలో పాఠము చెప్పు పద్ధతినే ఆయన మైదానమునకు గొనివచ్చెను. తప్పు చేసిన బాలుని దండించుటకన్న ఆ తప్పు మరల జరుగకుండునట్టి అభ్యాసమును కల్పించుటయే గురువు పని యని ఆయన నమ్మెను.

ఈ నమ్మకము మాటలతో ముగియలేదు. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, పిన్నల కొఱకు ఆయన వింతయైన పోటీలను నడిపించెను. ఒక పోటీలో ఆటగాడు బంతిని తనవద్ద నుంచుకొని ఎదిరిని తప్పించుకొనుచు పరుగెత్తరాదు. అందుకొన్నదే తడవుగా తోడివానికి అందింపవలెను. మఱియొక పోటీలో అలవాటైన కాలు గాక రెండవ కాలితోనే తన్నవలెను. పైకి చూచువారికి ఇది పిల్లకాయల వినోదముగా దోచును. లోతుగా విచారించినచో ఇందు గొప్ప శాస్త్రమున్నది. మొదటి పోటీ స్వార్థమును మాన్పును. రెండవది కొఱతను దీర్చును. ఒంటికాలి యాటగానిని ఎదిరి సులభముగా కట్టివేయగలడు. రెండు కాళ్లు వశమైనవానికి మైదానమంతయు తెరచిన వాకిలియే.

1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైనది. తరువాత రెండేండ్లకే, 1950లో, రహీము శిక్షణలోని హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్సు కప్పును, డ్యూరాండు కప్పును ఒకే యేట గెలిచి దేశమును ఆశ్చర్యపఱచెను. రోవర్సు కప్పునైతే 1950 మొదలు 1954 వఱకు ఐదేండ్లు ఎడతెగక నిలుపుకొనెను. డ్యూరాండు కప్పు 1954, 1957 సంవత్సరములలోను, ఆంధ్ర పోలీసు అను పేరుతో 1961లోను మరల వచ్చెను. రాష్ట్రముల పోటీయగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు వరుసగా రెండుమారులు గెలుచుకొనినది కూడ ఆ కాలముననే. కలకత్తా సంఘములకు ధనబలము, జనబలము రెండును గలవు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటివి మంచి యాటగాండ్రను ఎచ్చటినుండియైనను పిలిపించుకొనగలవు. పోలీసు జట్టునకున్నవి బారకాసులు, కవాతు మైదానము, ఒక గురువు. రహీము తీర్చిదిద్దిన యువకులలో పలువురు కలకత్తాకు తరలిపోయిరి. సికిందరాబాదు సమీపమునందలి అమ్ముగూడలో పుట్టిన బీదయువకుడు తులసీదాసు బలరాము వారిలో ఒకడు. శిక్షణకు రాకపోకల నిమిత్తము సైకిలు బాడుగ సొమ్మును రహీమే ఇచ్చుచుండెనని ఆయన ముదిమియందును కృతజ్ఞతతో చెప్పుకొనుచుండెను. 1957లో బలరాము ఈస్ట్ బెంగాలులో చేరెను. అట్లు పోవువారినిగూర్చి విలపించుచు కూర్చుండక, రహీము క్రొత్తవారిని సిద్ధపఱచుచుండెను.

ఇక దేశపు జట్టు సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతజట్టు రహీము శిక్షణలో, తుదిపందెమున ఇరానుపై ఒక గోలుతో నెగ్గి స్వర్ణపతకము గడించెను. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్ క్రీడలు. 1952 జూలై 15వ తేదీన యుగోస్లావియాతో పందెము. మనవారిలో అధికులు బూట్లు లేకయే ఆడిరి. పది గోల్సు పడినవి. మనవారు చేసినది ఒక్కటి, అదియు అహ్మద్ ఖాను పుణ్యము. ఆ ఒక్క పందెముతోనే మనవారి ప్రయాణము ముగిసినది. 1948లో లండనునందు వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సును ఒక గోలు వ్యత్యాసమువఱకు నిలువరించినవారమని గర్వించిన దేశమునకు ఇది గొడ్డలిపెట్టు.

ఏ దేశమునందైనను పది గోల్సు పరాజయము తరువాత మొదట కదలునది శిక్షకుని కుర్చీయే. ఇట్టి సమయమున రెండు విధములైన వాదములు పుట్టుచుండును. శిక్షకుడే దోషి యనునది యొకటి. శిక్షకునికేమియు సంబంధము లేదనునది రెండవది. రెండును సరికావని మా యభిప్రాయము. ఎదిరి సామాన్యుడు కాడు. అదే యుగోస్లావియా జట్టు ఆ క్రీడలలోనే రష్యాతో ఐదుకైదు గోల్సుతో సమముగా నిలిచి, తుదిపందెమువఱకు పోయి, హంగెరీ చేతిలో మాత్రమే ఓడిపోయెను. చలిదేశపు తడినేలమీద వట్టికాళ్లతో ఆడుట దేశమంతయు మురిసి పెంచుకొన్న అలవాటు. ఒక్కని తప్పిదము కాదు. అయినను ప్రపంచమందు వెనుకటి రక్షణవ్యూహము మాఱిపోయి చాలకాలమైనదని, మనవారు ఇంకను పాతపద్ధతిలోనే నిలిచిరని ఒప్పుకొనవలెను. ఇందు శిక్షకుని పాలు లేదనుట సత్యము కాదు. కావున ప్రశ్న ఎవరిది తప్పు అని కాదు. ఓటమినుండి ఎవడు నేర్చుకొనగలడు అని.

సిరిసిల్ల మగ్గముల మధ్య పెరిగినవారికి ఈ విషయము మేము విడమరచి చెప్పనక్కరలేదు. పడుగులో పోగు తెగినంతమాత్రాన సాలెవాడు మగ్గమును వీధిలో పాఱవేయడు. తెగిన పోగును వెదకి ముడివేయును. మరల మరల అదే చోట తెగుచున్నచో నూలునందు లోపమున్నదా, మగ్గమునందా, చేతియందా యని విచారించును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల రైతులకును ఇది క్రొత్త కాదు. ఒక కారు పైరు ఎండెనని సేద్యగానిని వెళ్లగొట్టు ఆసామి, చెఱువుకట్టకు గండి పడినదేమో చూడకున్నచో, రెండవ కారును ఎండబెట్టుకొనును.

హెల్సింకి యనంతరము దేశపు సంఘము బూట్లు ధరించుటను తప్పనిసరి చేసెను. రహీము వెనుకటి వ్యూహమును విడిచి క్రొత్తదానిని అభ్యసింపజేసెను. హంగెరీవారు తమ ముందరి మధ్యాటగానిని కొంత వెనుకకు దింపి ఎదిరి రక్షకులను తికమకపెట్టు విధానము ఆయన దృష్టిని ఆకర్షించెను. ముందు నలుగురు, నడుమ నిద్దఱు, వెనుక నలుగురుగా నిలుచు అమరికను, 1958లో బ్రెజిలు జట్టు జగత్ప్రసిద్ధము చేయుటకు పూర్వమే, ఆయన మన జట్టున ప్రవేశపెట్టెనని ఆట తెలిసినవారు చెప్పుదురు. హెల్సింకిలో ఓడిన నూర్ మహమ్మదు, అజీజుద్దీను అను హైదరాబాదు ఆటగాండ్రు నాలుగేండ్ల తరువాత మెల్‌బోరనులో అదే గురువు వెంట నిలిచిరి.

1956లో మెల్‌బోరను ఒలింపిక్ క్రీడలందు భారతజట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని నాలుగు, రెండు గోల్సుతో వారి గడ్డమీదనే ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేసెను. ఆ పిమ్మట ఎదురైనది మరల యుగోస్లావియాయే. ఈమారు మొదటి గోలు మనవారిది. తుదకు నాలుగు, ఒకటితో ఓడిరి. మూడవ స్థానమునకై బల్గేరియాతో జరిగిన పందెమునను ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. పది, ఒకటి యొక్క స్థానమున నాలుగు, ఒకటి వచ్చుట ఓటమియే. కాని ఈ రెండు ఓటముల నడుమనున్న దూరమే రహీము జీవితకార్యము.

ఇచట అన్యదేశముల వృత్తాంతమును కొంత చూడదగును. 1953 నవంబరులో వెంబ్లీ మైదానమున హంగెరీ జట్టు ఇంగ్లాండును ఆరు, మూడు గోల్సుతోను, 1954 మేలో బుడాపెస్టునందు ఏడు, ఒకటితోను చిత్తు చేసెను. ఆంగ్లేయులు తమ శిక్షకుడు వాల్టర్ వింటర్‌బాటమును తొలగింపలేదు. ఆయన 1962 వఱకు ఆ పదవిలో నుండెను. హంగెరీవారు 1954 ప్రపంచకప్పు తుదిపందెమున పశ్చిమజర్మనీతో ఓడిన రెండేండ్లకు, అంతటి జట్టును నిర్మించిన గుస్తావ్ షెబెషును పదవినుండి దింపివేసిరి. ఆ దేశము తిరిగి ప్రపంచకప్పు తుదిపందెమును చూడలేదు. ఆ యేడే దేశమున చెలరేగిన తిరుగుబాటు, ఆటగాండ్ర వలస కూడ అందుకు కారణములే యని మేమెఱుగుదుము. అయినను తొందరపాటు ఏ దేశమునకును మేలు చేసినట్లు చరిత్రలో కానరాదు.

1960లో రోము నగరమున మనవారు హంగెరీతో రెండు, ఒకటితో ఓడి, ఫ్రాన్సుతో చెఱియొక గోలుతో సమముగా నిలిచి, పెరూతో ఓడి ఇంటికి మఱలిరి. లెక్కను మాత్రమే చూచువారికి అది మరల వైఫల్యము. 1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చినవి. మొదటి పందెమునందే దక్షిణకొరియా చేతిలో రెండు గోల్సుతో ఓటమి! థాయిలాండుతో ఆడునపుడు రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. ఇజ్రాయెలు, తైవాను దేశములను ఇండొనేషియా రానీయనందున ఆ క్రీడలకు ఆసియా క్రీడలను పేరు తగదని భారతీయుడగు సోంధీ వాదించుటచే ఆ నగరమున మనవారిపై ప్రజాగ్రహము మిక్కుటమైయుండెను. సెప్టెంబరు 3వ తేదీన మన దౌత్యకార్యాలయముపై దాడియు జరిగినది. ఇట్టి స్థితిలో రహీము చేసినదేమి? గాయపడిన రక్షకుని వెనుకనుండి తీసి, ముందరి వరుసలో గోలు కొట్టుటకు నిలిపెను. తల కట్టుతో ఆడిన జర్నైల్ సింగు దక్షిణవియత్నాముపై ఒక గోలు, తుదిపందెమున మఱియొకటి చేసెను. 4వ తేదీన లక్షమంది ప్రతికూల ప్రేక్షకుల నడుమ, తొలుత తమ్ము ఓడించిన కొరియావారినే, పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగుల గోల్సుతో రెండు, ఒకటిగా జయించి భారతీయులు స్వర్ణపతకమును గ్రహించిరి.

ఆ విజయమునకు పది నెలలైన నిండలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాధిచే రహీము 1963 జూన్ 11వ తేదీన తన యేబదిమూడవ యేట కన్నుమూసెను. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు దక్కినది 1970నాటి కాంస్యపతకము మాత్రమే. 1960 తరువాత మన జట్టు ఒలింపిక్ క్రీడలలో కాలు పెట్టనేలేదు. శిక్షకులు మాత్రము, స్వదేశీయులు, విదేశీయులు, పలుమారులు మాఱిరి.

శిక్షకుని ఎన్నడును తొలగింపరాదని మా వాదము కాదు. ఓటమికి ఎల్లప్పుడు వానను, నేలను, న్యాయనిర్ణేతను నిందించుచు, తాను ఒక్క అక్షరమైనను మార్చుకొననివానిని నిలుపుకొనుట జట్టునకు ద్రోహము. కాని తొలగించుటకు ముందు అడుగదగిన ప్రశ్నలు మూడు: ఓటమి తరువాత అతడేమి మార్చెను? అతని వెంట పెరుగుచున్న పిన్నలెవరు? మనము అతనికి ఇచ్చిన సాధనములేవి? ఈ మూడింటికి రహీము జీవితము జవాబు చెప్పుచున్నది. మన పట్టణములలో పాఠశాల మైదానములు గోడలకు, దుకాణములకు బలియగుచుండగా, అచ్చట ఓడిన జట్టు డ్రిల్లు మాస్టరును తిట్టుట సులభము. గోడను తొలగించుట కష్టము. మన ఆసాములును, పురప్రముఖులును ఆ కష్టమైన పనినే ముందు చేయుదురుగాక. ఒక్క మైదానము, ఒక్క గురువు, పదేండ్ల ఓరిమి: రహీము సాహెబునకు ఇంతకన్న తగిన స్మారకచిహ్నమును మేము ఊహింపజాలము.