గుఱ్ఱం జాషువ గారి జీవితము – మన పిల్లల చదువు



ప్రకాశం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కూలి కొరకు, కొలువు కొరకు వచ్చి బొమ్మనహళ్ళి చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబములలో ఇప్పుడు రెండవ తరము, మూడవ తరము పిల్లలు చదువుకొంటున్నారు. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము, ఇంట్లోను ఆరాధనలోను తెలుగు. మీదే ఊరు, మీరెవరు అని తోటి పిల్లలు అడిగినప్పుడు కొందరు తల వంచుకొని మాట తప్పిస్తారు. ఆ ప్రశ్నకు తల ఎత్తి జవాబు చెప్పిన ఒక పిల్లవాని కథ మన తెలుగు క్రైస్తవులలోనే ఉన్నది. ఆయనే మహాకవి గుఱ్ఱం జాషువ గారు.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. ఆ ఊరు అప్పుడు గుంటూరు జిల్లాలోనిది, ఇప్పుడు పల్నాడు జిల్లాలోనిది. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. ఇద్దరూ క్రైస్తవులు. ఆ ప్రాంతము మన బాప్టిస్టులకు క్రొత్త కాదు. జాన్ క్లౌ దొరగారి కాలములో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాదిగలే. జాషువ గారు పుట్టుటకు పదిహేడేండ్ల ముందు జరిగిన సంగతి ఇది. అంటే ఆయన పుట్టినది మన పెద్దలు పుట్టిన లోకములోనే.

చాట్రగడ్డపాడు పొలముల మధ్య ఆయన బాల్యము సంతోషముగానే గడిచింది. బొమ్మలు వేసేవారు, పాటలు పాడేవారు. కష్టములు బడిలో చేరిన తరువాత మొదలైనవి. తోటి పిల్లలే కాదు, చదువు చెప్పవలసిన వారు కూడ కులము పేరు పెట్టి హేళన చేసేవారు. ఆయన ఏడ్చి ఇంటికి పోయే రకము కాదు, తిరగబడి కొట్టేవారు. అయితే దెబ్బకు దెబ్బ ఎంత కాలము? తరువాతి జీవితమంతా ఆయన చేతిలో నిలిచిన ఆయుధము పద్యము.

ఆ పద్యము ఆయనకు సులువుగా దొరకలేదు. ఆ రోజులలో ఛందస్సు, సంస్కృత కావ్యము అగ్రవర్ణముల ఇండ్లలోని సొత్తు. జాషువ గారు జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద కాళిదాసు మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకొన్నారు. బాల్య స్నేహితులైన దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు కవిత్వములో తోడుగా నిలిచారు. ఇద్దరు బ్రాహ్మణులు తలుపు తెరచిన సంగతి మనము మరువకూడదు. తలుపు మూసినవారిని చెప్పినప్పుడు తెరచినవారిని కూడ చెప్పుట న్యాయము.

అయినను సభలలో తలుపులు మూసియే ఉన్నవి. వినుకొండలోనే ఒక అవధాన సభలో ఆయన పద్యములు చదువగా, తక్కువ కులము వానిని సభలోనికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. ఇది ఒక వైపు. మరొక వైపు చెప్పుటకు మనకు బాధగా ఉండవలెను. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణముల మీద వ్రాయుచున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను సంఘము నుండి వెలివేశారు. ఊరు కులము చూసి త్రోసింది, సంఘము కావ్యము చూసి త్రోసింది. రెండు చోట్లను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ విద్య నీకెందుకు?

బ్రదుకు తెరువు చూడండి. 1910లో మేరీ గారితో వివాహమైనది. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతము మీద పనిచేశారు. అది పోయిన తరువాత రాజమండ్రి వెళ్ళి 1915-16లలో సినిమా వాచకులుగా ఉన్నారు. అప్పటి సినిమాలకు మాటలు లేవు. తెర మీద బొమ్మ కదులుతుంటే ప్రక్కన నిలబడి కథను, సంభాషణలను బిగ్గరగా చెప్పుటయే ఆ పని. చదువురాని జనమునకు అర్థమయ్యేటట్లు కథ చెప్పే కళ అక్కడ బాగుగా అలవడి ఉంటుంది. తరువాత గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేండ్లు బోధించారు. ఉభయభాషా ప్రవీణ పట్టము పొందారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితులుగా ఉన్నారు. హేళన పొందిన పిల్లవాడే అదే విద్యను నేర్పే పంతులైనారు.

1932లో ఫిరదౌసి కావ్యము వచ్చింది. పద్యమునకు ఒక బంగారు నాణెము ఇస్తానని మాట ఇచ్చి తప్పిన గజనీ మహమ్మదు, మోసపోయిన పారసీక కవి ఫిరదౌసి, వీరి కథ అది. కళాకారుని కష్టమునకు కూలి ఎగవేయుట ఎంత పాపమో అందులో కనబడుతుంది. 1941లో గబ్బిలము వచ్చింది. కాళిదాసు యక్షుడు తన భార్యకు మేఘముతో కబురు పంపాడు. జాషువ గారి కావ్యములో తంజావూరి అస్పృశ్యుడొకడు తన జాతి బాధను కాశీలోని శివునికి చెప్పమని గబ్బిలమును బ్రతిమాలుతాడు. గుడిలోనికి ఆ మనుష్యునికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది. అందరు అశుభమని తరిమే ఆ జీవియే అతనికి దిక్కయినది.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించండి. శాస్త్రిగారి దగ్గర నేర్చిన మేఘసందేశమును ఆయన పారవేయలేదు, అలాగే తిరిగి వల్లించనూ లేదు. ఆ పాత్రలో తన వారి కన్నీరు పోశారు. ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చిన సూత్రమొకటి: తెలిసినదాని నుండి తెలియనిదానికి పిల్లవానిని నడిపించవలెను. పిల్లవానికి అన్నిటికంటె ముందు తెలిసినది తన ఇల్లు, తన వారి పాట, తన వారి పని. దానిని అవమానించి ఏ విద్య నేర్పినా అది పైపూతగానే ఉంటుంది. అమెరికాలో నల్లజాతి పిల్లల చదువును పరిశీలించిన గ్లోరియా లాడ్సన్ బిల్లింగ్స్ గారు 1995లో ఈ మాటనే సిద్ధాంతముగా వ్రాశారు. పిల్లలు చదువులో ముందుకు రావలెను, తమ సంస్కృతిని పోగొట్టుకొనకూడదు, లోకములోని అన్యాయమును గుర్తించగలగవలెను అని ఆమె మూడు గురుతులు పెట్టారు. జాషువ గారి జీవితములో ఈ మూడును కనబడుచున్నవి.

గౌరవములు తరువాత వచ్చినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి అన్నారు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగారు. 1957-59లలో మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యులైనారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. వీటన్నిటికంటె పెద్ద గౌరవము పల్లెలలో జరిగినది. సత్యహరిశ్చంద్ర నాటకములో కాటి సీను వచ్చినప్పుడు నటులు పాడే శ్మశానపు పద్యములు జాషువ గారివే. సభలోనికి రానీయవద్దన్న కవి పద్యములను ఊరంతా తెల్లవార్లు కూర్చొని మరల మరల పాడించుకొన్నది.

సంఘము మీద ఆయన పగపట్టలేదని చెప్పుటకు ఒక్క సాక్ష్యము చాలును. 1958లో క్రీస్తు చరిత్ర అను కావ్యము వ్రాశారు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది. వెలివేసిన వారి ప్రభువును గూర్చి వెలివేయబడినవాడే తెలుగు పద్యములో చెప్పినాడు.

1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం గారు జోగిని దురాచార నిర్మూలనకు పాటుపడి 2008లో మరణించారు.

మరి మనము చేయవలసినదేమి? ఇక్కడి మన పిల్లలలో కొందరు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరములలో చూసి పాడుచున్నారు. గొంతు ఉన్నది, లిపి లేదు. క్రిస్మస్ కార్యక్రమమనగానే కీబోర్డు, డ్రమ్ము తెచ్చుట మంచిదే. కాని డప్పు పేరెత్తితే మనవారిలో కొందరు సిగ్గుపడుచున్నారు. అది మన తాతల చేతి పని, మన తాతల చేతి కళ. తోలు వారే పదును చేశారు, డప్పు వారే కట్టారు, వారే వాయించారు. దానిని దాచిపెట్టి పిల్లలకు ఆత్మగౌరవము నేర్పజాలము.

నా మనవి ఇది. సండేస్కూలులో వారమునకు అరగంట తెలుగు అక్షరములు నేర్పుదము. క్రిస్మస్ నాడు ఒక పిల్లవాడు జాషువ గారి పద్యము రాగము తీసి చదువవలెను, మరొకడు డప్పు వాయించవలెను, ఇంకొక అమ్మాయి తన ఇష్టము చొప్పున కన్నడ పాటయో, గిటారో వినిపించవలెను. ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి పోదు. జాషువ గారు సంస్కృతము నేర్చి మాదిగవాడల బాధను మరువలేదు, ఆ బాధను తలచి సంస్కృతమును విడువలేదు.

ఇంకొక్క మాట పెద్దలకు. మన పిల్లలలో ఎవరైనా బొమ్మ వేసినా, పద్యము కట్టినా, నాటకమాడినా, ఇది మనకెందుకు అని అనకండి. ఆ మాట మన సంఘములు ఒకసారి అని, జాషువ వంటి వానిని బయట నిలబెట్టినవి. రెండవసారి అనవద్దు.