చేతికి వెచ్చగా తగిలే జిరాక్స్ కాగితం

అడ్మిషన్ల రోజుల్లో ఆధార్ కార్డూ, టీసీ పట్టుకుని పరవాడలో జిరాక్స్ షాపుకు మీరూ వెళ్లే ఉంటారు. మెషిన్‌లోంచి వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది, గమనించారా? ఆ వేడి ఎందుకో తెలియాలంటే చెస్టర్ కార్ల్‌సన్ గురించి చెప్పుకోవాలి.

ఆయన 1906లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. తండ్రి మంగలి పని చేసేవారు. క్షయ, కీళ్లవాతం ఆయన్ను పని చేయనివ్వలేదు. దాంతో మీ మూడో తరగతి అబ్బాయి వయసుకే చెస్టర్ సంపాదనలో పడ్డారు. పదిహేడేళ్లకు తల్లి పోయారు. 1930లో ఫిజిక్స్ డిగ్రీ చేతికొచ్చేసరికి నెత్తిన సుమారు 1,400 డాలర్ల అప్పు, బయట ఆర్థిక మాంద్యం. 82 కంపెనీలకు ఉత్తరాలు రాస్తే ఒక్కటీ ఉద్యోగం ఇవ్వలేదు.

చివరికి పేటెంట్ విభాగంలో పని దొరికింది. అక్కడ పత్రాలకు నకళ్లు ఎప్పుడూ చాలేవి కావు. మళ్లీ టైపు చేయాలి, లేదా ఫొటో తీయించాలి. రాత్రిపూట లా చదువుతూ పుస్తకాలు కొనే స్తోమత లేక పేజీలకు పేజీలు చేత్తో రాసుకునేవారు. తండ్రిలాగే ఆయనకూ కీళ్లవాతం మొదలైంది.

1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో ఒక అద్దె గదిలో, సహాయకుడు ఒట్టో కోర్నీతో కలిసి ప్రయోగం చేశారు. గంధకం పూసిన జింకు రేకును గుడ్డతో రుద్ది విద్యుదావేశం కలిగించారు. గాజుపలక మీద తేదీ, ఊరి పేరు రాసి, దాని గుండా రేకు మీద వెలుతురు వేశారు. వెలుతురు పడినచోట ఆవేశం పోయింది, అక్షరాల నీడలో మిగిలింది. సన్నటి పొడి చల్లితే అక్షరాల మీదే అంటుకుంది. దాన్ని మైనపు కాగితం మీదికి ఎత్తి కాస్త వేడి చేస్తే మైనం కరిగి పొడిని పట్టుకుంది. అంతే, నకలు!

కానీ ఆ నకలు మెషిన్‌గా మారి బజారుకొచ్చేసరికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. పెద్ద పెద్ద కంపెనీలు ఇరవైకి పైగా కాదన్నాయి. ఈలోగా మొదటి వివాహం విడిపోయింది. చివరికి హాలాయిడ్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. అదే తర్వాత జిరాక్స్ అయింది.

1959లో వచ్చిన 914 మెషిన్ బరువు దాదాపు 294 కిలోలు. పొడిని కరిగించే వేడి ఎక్కువై, లోపల కాగితం ఇరుక్కుంటే మాడేది, ఒక్కోసారి అంటుకునేది. అందుకే మెషిన్‌తోపాటు చిన్న మంటలార్పే సిలిండరు కూడా ఇచ్చేవారు. కొనేవాళ్లు భయపడకుండా దానికి వేరే మర్యాదైన పేరు పెట్టారు లెండి.

ఇప్పటి లేజర్ ప్రింటర్‌లోనూ ఆ రెండు సమస్యలే. టోనర్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. దాదాపు 200 డిగ్రీల వేడి రోలరుకూ, కింద ఒత్తే రోలరుకూ మధ్య నలిగి అది కాగితానికి అతుక్కుంటుంది. కాగితం ఒక చోటు నుంచి మరో చోటుకు సమయానికి చేరిందా లేదా అని సెన్సార్లు కాపలా కాస్తాయి. ఆలస్యమైతే వెంటనే మెషిన్ ఆగిపోతుంది. లేకపోతే కాగితం వేడి దగ్గరే ఉండిపోతుంది మరి. మన సముద్రగాలికి చెమ్మెక్కిన కాగితం తేలిగ్గా చుట్టుకుని ఇరుక్కుంటుంది. వానాకాలంలో ఇంట్లో పిల్లల ప్రాజెక్టులు ప్రింట్ చేసేటప్పుడు కట్టను మూసి ఉంచండి.

కార్ల్‌సన్‌కు చివరి పదేళ్లలో కోట్ల డాలర్లు వచ్చాయి. చాలా భాగం తన పేరు చెప్పవద్దంటూ దానం చేశారు. 1968 సెప్టెంబరు 19న న్యూయార్క్‌లో సినిమా చూస్తూ గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు.