వాలేసు కారొథర్సు చరిత్రము

మన విశాఖపట్టణపు చేపలరేవున ఆరవేయబడిన నైలాను వలలను చూడనివారు అరుదు. ఆ నైలానును మొదట నిర్మించిన రసాయనశాస్త్రజ్ఞుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

వాలేసు హ్యూము కారొథర్సు 1896 వ సంవత్సరము ఏప్రిలు 27 వ తేదీన అమెరికా దేశములోని బర్లింగ్టను పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి ఉపాధ్యాయుడు. టార్కియో కళాశాలలో తాను విద్యార్థిగా నుండగనే కారొథర్సు ఇతరులకు రసాయనశాస్త్రమును బోధించెను. 1924 లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునంది, కొంతకాలము హార్వర్డునందు బోధించి, 1928 లో డ్యూపాంటు కంపెనీ పరిశోధనాలయమున ప్రవేశించెను.

చిన్న అణువులను దండలోని పూవులవలె కూర్చి దీర్ఘమైన గొలుసులు చేయుట ఆయన పూనిన కార్యము. 1930 లో ఆయన సహచరుడు జూలియను హిల్లు కరగిన పాలిఎస్టరునుండి పట్టువంటి దారమును లాగెను. కాని అది కొద్దిపాటి వేడికే కరగుచు, నీటివలన చెడుచుండుటచే, బట్టలకు పనికిరాదని విడిచిపెట్టబడెను. 1932 లో, పెరుగునకు పులుపునిచ్చు లాక్టికామ్లమునుండి వచ్చు లాక్టైడుతోను అట్టి గొలుసులు చేసిరి. తుదకు 1935 ఫిబ్రవరి 28 వ తేదీన నైలాను పుట్టెను.

ఇంత సాధించియు, తన బుద్ధి వట్టిపోయినదని ఆయన కుమిలిపోవుచుండెను. ఆ మనోవ్యాధి చేతనే 1937 ఏప్రిలు 29 వ తేదీన, 41 యేండ్లు నిండిన రెండు దినములకు, తన ప్రాణమును తానే తీసికొనెను. నైలాను లోకమునకు ప్రకటింపబడినది 1938 లో. మనోవ్యాధియు జ్వరమువలె చికిత్స కోరు రోగమే కాని, సిగ్గుపడి దాచవలసినది కాదు.

ఆయన విడిచిపెట్టిన జాతి దారమే పిమ్మట శస్త్రవైద్యులకు అక్కరకు వచ్చెను. లాక్టికామ్ల, గ్లైకాలికామ్లముల గొలుసులతో చేసిన కుట్లు గాయము మానువరకు నిలిచి, దేహమునందలి నీటిచే క్రమముగా విడిపోయి మాయమగును.

లోహమనగా మన నగరమువారికి ఉక్కు తలపునకు వచ్చును. ఈ గొలుసులకైతే తగరము, తుత్తునాగము, అల్యూమినియముల సమ్మేళనములు స్వల్పముగా చేరి ఉత్ప్రేరకములగును. లోహపరమాణువు లాక్టైడు వలయమును విప్పి, గొలుసు కొనకు ఒక్కొక్కటిగా చేర్చును. లాక్టైడునకును ఉత్ప్రేరకమునకును గల పాలునుబట్టి గొలుసు పొడవును, లోహమును చుట్టియున్న అణుభాగములనుబట్టి కూర్పులోని క్రమమును ముందుగనే నిర్ణయింపవచ్చును. క్రమము గలది గట్టిగా నుండును. క్రమము లేనిది మెత్తగా నుండి, త్వరగా విడిపోవును.

సముద్రమున పోయిన నైలాను వలలు ఏండ్లతరబడి చివుకక చేపలకు ఉరియగుచుండ, నీట చెడు దారము రోగికి మేలు చేయుచున్నది. కావున విద్యార్థులారా, ఒక పనికి కొరగాలేదని దేనిని గాని, మిమ్ము మీరు గాని, తృణీకరింపకుడు.