రెండు చేతులా రాసిన గాంధీ తాత

గాంధీ తాత అనగానే మనకు చేతికర్ర, కళ్ళజోడు, రాట్నం గుర్తుకొస్తాయి. ఆయన ఆత్మకథ చదివిన దగ్గర్నుంచి నాకు మాత్రం ఆయన రాసిన ఉత్తరాలే గుర్తుకొస్తున్నాయి. అవేంటో మీకూ చెప్తాను.

గాంధీగారు 1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టారు. చిన్నప్పుడు చదువుకి చేతిరాతతో పనిలేదనుకున్నారట. తర్వాత దక్షిణాఫ్రికాలో కుర్రాళ్ళ ముత్యాల్లాంటి రాత చూసి సిగ్గుపడ్డారు. దిద్దుకుందామంటే అప్పటికే ఆలస్యమైపోయింది. అందుకే పిల్లలు ముందు బొమ్మలు గీయడం, తర్వాత అక్షరాలు రాయడం నేర్చుకోవాలనేవారు. మా సవర ఊళ్ళల్లో గోడల మీద మనుషుల్ని, చెట్లని, జంతువుల్ని గీస్తారు. ఆ లెక్కన మనం సగం రాత ఇంటి దగ్గరే నేర్చుకొచ్చినట్టు!

రాత బాగాలేదని ఆయన రాయడం మానలేదు. పదిహేనేళ్ళప్పుడు అన్న అప్పు తీర్చడానికి అన్న కడియంలోంచే కొంచెం బంగారం తీశారు. తర్వాత మనసు ఊరుకోలేదు. నాన్నకి నోటితో చెప్పే ధైర్యం లేదు. అందుకని అంతా కాగితం మీద రాసి, శిక్ష వెయ్యమని కూడా రాసి, జబ్బుతో మంచం మీదున్న నాన్న చేతిలో పెట్టారు. నాన్న చదివి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ కాగితం చింపేశారు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు.

1908లో ఆయన దక్షిణాఫ్రికాలో జైల్లో ఉన్నారు. భార్య కస్తూర్బాకు జబ్బు ఎక్కువైందని తెలిసింది. జుల్మానా కడితే బయటికి రావచ్చు. కానీ సత్యాగ్రహి జుల్మానా కట్టకూడదు. మనసు చితికిపోయినా అక్కడే ఉండి ఆమెకు గుజరాతీలో ఉత్తరం రాశారు. కస్తూర్బాకు చదువు అంతంతమాత్రం. అయినా రాశారు. ఆమె ఆ జబ్బు నుంచి బయటపడ్డారు.

1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ ఓడలోనే పది రోజుల్లో 'హింద్ స్వరాజ్' పుస్తకం రాశారు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశారు. 1930లో ఎరవాడ జైలు నుంచి సబర్మతి ఆశ్రమానికి వారం వారం ఉత్తరాలు రాశారు. మనలాగ ఆశ్రమంలో ఉండే పిల్లలకి కూడా రాశారు. 1948 జనవరి 30న ఆయన చనిపోయారు. ఆయన రాసినవి, మాట్లాడినవి కలిపి అచ్చువేస్తే నూరు సంపుటాలయ్యాయి. వాటిలో ఎన్నో ఉత్తరాలున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదో తరగతి అయ్యాక చదువు చాలని మా ఇంట్లో అంటున్నారు. ఫోన్ దగ్గర వెనకాల పదిమంది నిలబడి ఉంటే ఆ మాట నాన్నతో ఎలా మాట్లాడతాను? అందుకే మొన్న రెండు పేజీల ఉత్తరం రాశాను. నాన్నకి చదవడం రాదు. చెల్లి చదివి వినిపిస్తుంది. ఫోన్లో మాట ఒక్కసారే. ఉత్తరమైతే మళ్ళీ మళ్ళీ చదివించుకోవచ్చు. రాస్తుంటే నేనెందుకు చదవాలనుకుంటున్నానో నాకే బాగా తెలిసింది. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.

మీరు కూడా ఇంటికి ఒక ఉత్తరం రాయండి. రాత వంకరగా ఉన్నా ఫర్వాలేదు. వార్డెన్ సారూ! నెలకొకసారైనా మా అందరికీ కార్డులు ఇప్పించమని మా మనవి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని