ఫుట్‌బాల్ గురువు రహీమ్ సాహెబ్

జట్టులో పేరున్నా ఆటస్థలంలో అడుగుపెట్టే అవకాశం దొరకని విద్యార్థి, మరొక కళాశాలలోనైనా ఆడగలనన్న ఆశతో టి.సి. కోరి మా యెదుట నిలిచినప్పుడు, అతడు చేస్తున్నది తప్పా, ఒప్పా అని మేము సందిగ్ధంలో పడుతాము. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల విద్యార్థులకు ఈ సందిగ్ధం కొత్తది కాదు. దీనికి సమాధానం మాకు జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ జీవితంలో లభించింది.

రహీమ్ సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులోను, అనంతరం కమర్ క్లబ్బులోను ఆడినారు. బి.ఏ. పూర్తిచేసి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో ఉపాధ్యాయులైనారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటల బాధ్యతను స్వీకరించినారు. అనంతరం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1950 నుండి ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది.

ఆయన బోధనలో బడిపంతులు ఓర్పు కనిపిస్తుంది. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని తనవద్దనే ఉంచుకోక వెంటనే అందించవలసిన పోటీలు నిర్వహించినారు. ఆటగాని లోపాన్ని నిందించక, దానిని దిద్దుకొనే అవకాశాన్ని కల్పించినారు.

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో స్వస్థలం విడిచి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరినారు. హైదరాబాదును విడిచినంత మాత్రాన రహీమ్ సాహెబ్ జట్టులో ఆయనకు చోటు పోలేదు. 1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన భారత్ చేసిన గోళ్ళు బలరాంవే.

1962 జకార్తా ఆసియా క్రీడలలో రక్షణ పంక్తి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీమ్ సాహెబ్ ఆయనను పక్కన కూర్చోబెట్టక, చోటు మార్చి ముందు వరుసలో ఆడించినారు. సెప్టెంబరు 4న జరిగిన అంతిమ పోటీలో దక్షిణ కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోళ్ళలో ఒకటి జర్నైల్ సింగ్‌ది. అప్పటికే క్యాన్సర్ పీడితులైన రహీమ్ సాహెబ్ 1963 జూన్ 11న పరమపదించినారు.

విద్యార్థులారా! చోటు మారడం దోషం కాదని ఈ జీవితం మాకు బోధించింది. అయితే బలహీనమైన కాలిని ఇక్కడనే వదలి ఎవరూ పోలేరు. అది వెంటనే వస్తుంది. ముందుగా దానిని దిద్దుకొనండి. అధ్యాపకులమైన మేము సైతం టి.సి.పై సంతకం చేయుటకు ముందు, ఆ విద్యార్థికి ఒక్కసారియైనా ఆడే అవకాశం ఇచ్చినామా అని ప్రశ్నించుకొనవలసి ఉన్నది.