రెండు కర్రలతో గ్రహాలను కొలిచిన పఠాణీ సామంత

లెక్క కడితే గ్రహం ఒకచోట ఉండాలి. తలెత్తి చూస్తే మరోచోట ఉంది. ఒడిశాలోని ఖండపడాలో ఇంకా మీసాలు రాని కుర్రాడొకడు ఈ తేడా పట్టుకున్నాడు. తర్వాత మహామహోపాధ్యాయ సామంత చంద్రశేఖర్‌గా పేరు పొందింది ఆయనే.

1835 డిసెంబరు 13న అక్కడి రాజవంశంలో పుట్టారు. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, ఈ బిడ్డను ముస్లిం ఫకీరుకు అమ్మినట్టు చేసి తిరిగి తెచ్చుకున్నారంటారు. మన పల్లెల్లో పెంటయ్య అని పేరు పెట్టుకున్నట్టే వాళ్ళు పఠాణీ అని పిలిచారు. జనం నోట ఆ పేరే నిలిచింది.

ఆయనకు ఇంగ్లీషు చదువు లేదు, దుర్భిణీ లేదు. ఇంట్లో ఉన్న సంస్కృత సిద్ధాంత గ్రంథాలే గురువులు. పెళ్ళి ముహూర్తం దగ్గర్నుంచి పూరీ జగన్నాథుని సేవల వేళల దాకా ఆ లెక్కల మీదే నడవాలి. మరి అవే ఆకాశంతో కలవకపోతే? తేల్చుకోడానికి ఆయన స్వయంగా ఆకాశాన్ని కొలవడానికి పూనుకున్నారు.

పనిముట్లు తనే చేసుకున్నారు. వాటిలో ముఖ్యమైనది మానయంత్రం. పొడుగు కర్రకు చివర అడ్డకర్ర, దానికి కొలత ప్రకారం రంధ్రాలు, అంతే. పొడుగు కర్ర కొస కంటి దగ్గర పెట్టుకుని, అడ్డకర్ర అంచున ఒక చుక్కను నిలిపి, గ్రహం ఏ రంధ్రంలో కనబడుతుందో చూస్తే రెండింటి మధ్య ఎన్ని డిగ్రీలో తెలిసిపోతుంది.

అన్నింటిలోకీ చిక్కు బుధుడితోనే. సూర్యుణ్ణి వదిలి 28 డిగ్రీలు మించి పోడు. పొద్దుగూకాక పడమట కాసేపు కనిపించి దిగిపోతాడు, లేదా తెల్లవారుజామున తూర్పున కనిపిస్తాడు. సాయంత్రం బాగా చీకటిపడేదాకా ఆగితే గ్రహం ఉండదు. తొందరపడితే పోల్చుకోడానికి చుక్కలు ఉండవు. నేలకు దగ్గరగా మబ్బో దుమ్మో పట్టిందంటే ఆ రోజు పోయినట్టే. అయినా బుధుడు ఒక చుట్టు తిరగడానికి సామంత కట్టిన లెక్క 87.9701 రోజులు. నేటి లెక్క 87.9692. తేడా నిమిషంన్నర కూడా లేదు!

భూమి తిరుగుతుందని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతున్నట్టే లెక్క కట్టారు.

1869లో పూర్తయిన ‘సిద్ధాంత దర్పణం’ ముప్ఫై ఏళ్ళు తాటాకుల్లోనే ఉండిపోయింది. కటక్‌ కళాశాల ఆచార్యుడు యోగేశ్‌ చంద్ర రాయ్‌ చొరవతో 1899లో కలకత్తాలో అచ్చయింది. అప్పటికి నిద్రలేమి, అజీర్ణం సామంతను పట్టి పీడిస్తున్నాయి. 1904 జూన్‌ 11న పూరీలో కన్నుమూశారు. జగన్నాథుని సేవలకు ఆయన లెక్కలే ప్రమాణమయ్యాయి.