బ్రౌను దొరగారు – వాఙ్మయ విద్య

వాఙ్మయము, చరిత్రము మొదలగు విద్యలు కూటికి పనికిరావను మాట నేటి విద్యార్థుల నోట తరచుగా వినబడుచున్నది. అట్టివారికి చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి జీవితమును తెలుపుట యుక్తమని మేము తలంచుచున్నాము.

వీరు 1798 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. వీరి తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ బోధకులు. దొరగారు 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువున చెన్నపట్టణము చేరి, అచట తెలుగు నేర్వ మొదలిడి, 1820లో కడపకు పంపబడిరి. శిస్తు వసూలు, న్యాయవిచారణ యనునవి వీరి యుద్యోగ ధర్మములు. ఆ పనులకు వ్యవహారపు తెలుగు చాలును. కాని జనుల భాషను సగము నేర్చి వారి మొరలను వినుట వీరికి తృప్తి నొసగలేదు.

ఆ కాలమున తెలుగు కావ్యములు తాటాకులపై నుండి చెదలపాలగుచుండెను. వ్రాయసగాండ్ర తప్పులవలన ఒక ప్రతి మరియొక ప్రతితో సరిపడకుండెను. దొరగారు కడపలో ఒక బంగళా కొని, స్వంత ధనముతో పండితులను నియమించి, ఒకే గ్రంథమునకు పెక్కు ప్రతులను తెప్పించి, వానిని పోల్చి, పాఠభేదములను గుర్తించి, శుద్ధప్రతులను వ్రాయించిరి. సాక్షుల మాటలను పోల్చి సత్యమును తేల్చు న్యాయాధిపతి నేర్పును, ప్రతులను పోల్చి పాఠమును తేల్చు పండితుని నేర్పును ఒక్కటియే గదా! వాఙ్మయ విద్య మనకు నేర్పునది ఈ వివేకమే.

పండితులు అంతగా ఆదరింపని వేమన పద్యములను వీరు ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపించిరి. వీరి తెలుగు వ్యాకరణము 1840లోను, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోను వెలువడెను. ఆ నిఘంటువు చెన్నపట్టణమందలి వేపేరిలో క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాక్షరశాలయందు అచ్చయ్యెనని చెప్పుటకు మిషను పాఠశాలవారమైన మాకు సంతోషము. ఈ కృషికై దొరగారు అప్పులపాలైరి. అయినను పూనిన పనిని విడువలేదు. 1855లో స్వదేశమునకు మరలి, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులై, 1884 డిసెంబరు 12 వ తేదీన పరలోకగతులైరి.

వారు వసూలు చేసిన శిస్తు లెక్కలను నేడు అడుగువారు లేరు; వారి నిఘంటువును మాత్రము నేటికిని తెరచుచున్నాము. కడపలో వారి పేర భాషా పరిశోధన కేంద్రము వెలసియున్నది.

నేడు యంత్రములు గణించుచున్నవి; లేఖలను సైతము వ్రాయుచున్నవి. కాని యే మాట నమ్మదగినది, ఎవరి మొర వినదగినది యని నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే. గణితమును, విజ్ఞానశాస్త్రమును శ్రద్ధతో నేర్వుడు. అవి మీకు జీవనమునిచ్చును. వానితోపాటు మీ యింటి భాషను, అందలి గ్రంథములను విడువకుడు. పొరుగువాని హృదయము నెరుగు మార్గమదియే యని మా దృఢ విశ్వాసము.